నైట్ షిఫ్టు, కుంగుబాటు, మెలటోనిన్: చేయవలసినవి - చేయకూడనివి

మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది. నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి వస్తుంది. మన దగ్గర గడియారాన్ని ఎవరూ ముట్టుకోరు. అయినా ఆ రెండు ఆదివారాలు దాటగానే హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో వేలమంది లాగిన్ వేళ మారిపోతుంది. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదికి కూర్చునే టీమ్‌తో పనిచేసేవాళ్లకు వేసవిలో సాయంత్రం 6.30కి మొదలయ్యే షిఫ్టు, చలికాలంలో 7.30కి మొదలై తెల్లవారుజామున 4.30 దాకా సాగుతుంది. కాలిఫోర్నియాతో పని ఉన్నవాళ్లకు రాత్రి 9.30 నుంచి ఉదయం 6.30 దాకా, చలికాలమైతే 10.30 నుంచి 7.30 దాకా. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి చూస్తే ఒక తరం ఈ వేళల్లోనే పెరిగి పెద్దదైంది. పెళ్లిళ్లు చేసుకుంది, పిల్లల్ని కన్నది, ఇళ్లు కొనుక్కుంది. ఆ తరంలో చాలామంది పడుకోలేక, లేవలేక, ఏదీ చేయబుద్ధి కాక లోలోపలే నలిగిపోతున్నారు.

అలాంటివాళ్ల చేతికి ఇప్పుడు తేలిగ్గా అందుతున్నది మెలటోనిన్. మందుల షాపులో స్ట్రిప్పుగా దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో పండ్ల రుచితో గమ్మీగా వస్తుంది. పక్క సీటు అబ్బాయి వాడుతున్నాడని, యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని మొదలుపెడతారు. అసలు లోపల ఉన్నది డిప్రెషన్ అయితే ఆ గమ్మీ దాన్ని తగ్గించదు. పైగా వేళ తప్పి వేసుకుంటే శరీరంలోని గడియారం ఇంకాస్త దారి తప్పుతుంది. మెలటోనిన్ విషయంలో ఎన్ని మిల్లీగ్రాములన్నదాని కంటే ఎన్ని గంటలకన్నదే ముఖ్యం. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

అన్నిటికంటే ముందు

చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వస్తుంటే ఈ వ్యాసం చదవడం ఆపి 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ సేవ. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. 1800-891-4416 కూడా వాళ్లదే. ప్రాణాపాయం ఎదురుగా కనబడుతుంటే 112కో 108కో చేయండి, లేదా దగ్గర్లోని ఏ పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకైనా వెళ్లిపోండి. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల కూడా ఉంది.

నిద్ర రాక మధ్యరాత్రి దాటాక మేల్కొని ఉన్న గంటల్లో ఆత్మహత్య ముప్పు మిగతా వేళల కంటే ఎక్కువని అమెరికా పరిశోధకులు గుర్తించారు. ఆ వేళ మెదడు మంచిచెడ్డలు సరిగ్గా తూచలేదు. కాబట్టి రాత్రి మూడింటికి రాజీనామా మెయిల్ పంపకండి. సంబంధం తెంచుకుంటున్నానని మెసేజ్ పెట్టకండి. అప్పుల లెక్కలు వేస్తూ కూర్చోకండి. అవన్నీ నిద్రపోయి లేచాక చూసుకోవచ్చు.

పక్కన రూమ్మేటో స్నేహితుడో ఉంటే వాళ్లు చేయవలసింది కూడా చెప్పాలి. "ఏం మామా, చనిపోవాలని ఏమన్నా అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతారు. అలా జరగదు, అడిగితే మనసు విప్పే అవకాశమే ఎక్కువ. అవునంటే ఒంటరిగా వదలకండి. గదిలో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ తీసి మీ దగ్గర పెట్టుకోండి. "ధైర్యంగా ఉండరా" అని భుజం తట్టి డ్యూటీకి వెళ్లిపోకండి.

లోపలి గడియారం

మెదడు అడుగున, రెండు కంటి నరాలూ ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన, దాదాపు 20,000 నాడీకణాల గుంపు ఉంది. నిద్ర, ఆకలి, ఒంటి వేడి, హార్మోన్లు, మనసు స్థితి, అన్నిటికీ వేళలు కట్టేది అదే. దాని సొంత నడక సరిగ్గా 24 గంటలు కాదు. హార్వర్డ్‌లో చార్లెస్ సైస్లర్ బృందం 1999లో ప్రకటించిన కొలత ప్రకారం సగటున 24 గంటల 11 నిమిషాలు. మనకు దగ్గర్లోనే, మధురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్ ఈ శాస్త్రానికి మన దేశంలో పునాది వేశారు. సూర్యుడు, చేతి గడియారం, వార్తలు ఏవీ అందని గదుల్లో మనుషుల్ని ఉంచి వాళ్ల నిద్ర, మెలకువలు ఎలా నడుస్తాయో ఆయన బృందం చూసింది. ఈ గడియారాన్ని నడిపే జన్యువుల గుట్టు విప్పినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది.

రోజూ ఆ నిమిషాల తేడాను సరిదిద్దేది వెలుగు. చూపుతో పెద్దగా పని లేకుండా, బయట వెలుగు ఎంతుందో మెదడుకు చెప్పడానికే ప్రత్యేకమైన కణాలు కంటి వెనక పొరలో ఉన్నాయని 2002లో తేలింది. నీలి వెలుగుకు అవి ఎక్కువగా స్పందిస్తాయి. పొద్దువాలి వెలుగు తగ్గాక పీనియల్ గ్రంథి మెలటోనిన్ వదలడం మొదలుపెడుతుంది, తెల్లవారేసరికి ఆపేస్తుంది. దీన్ని మొదటిసారి వేరుచేసింది ఒక చర్మవైద్యుడు: 1958లో యేల్‌లో ఆరన్ లెర్నర్, ఆవుల పీనియల్ గ్రంథుల నుంచి. తీక్షణమైన వెలుగు మనుషుల్లో మెలటోనిన్‌ను అణచేస్తుందని 1980లో ఆల్ఫ్రెడ్ లూయీ చూపించాడు.

పాత రోజుల్లో ఆజామాబాద్ ఫ్యాక్టరీ సైరన్ లాంటిది మెలటోనిన్. సైరన్ తనంతట తాను ఏ పనీ చేయదు, ఏ వేళయిందో అందరికీ వినబడేలా చెబుతుంది. మెలటోనిన్ కూడా మనల్ని బలవంతంగా పడుకోబెట్టదు. రాత్రయిందని ఒళ్లంతటికీ కబురు పంపుతుంది. రాత్రి రెండింటికి తెల్లని ట్యూబు వెలుగులో రెండు మానిటర్ల ముందు కూర్చున్న మనిషికి ఆ కబురు సరిగ్గా అందదు.

అలసటా, డిప్రెషనా?

మొదట తేల్చుకోవలసింది ఇదే. షిఫ్టు అలసట అయితే నాలుగు రోజులు కడుపునిండా నిద్రపోతే చాలావరకు తీరుతుంది. సంక్రాంతికి ఊరికి వెళ్లి, అమ్మ చేతి వంట తిని, రాత్రిళ్లు నిద్రపోయి, అయినా దేనిమీదా మనసు పోకపోతే, చిన్ననాటి స్నేహితులు వచ్చి పిలిచినా గడప దాటబుద్ధి కాకపోతే అనుమానించాలి. రెండు వారాలకు పైగా, దాదాపు రోజంతా దిగులు. ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి చచ్చిపోవడం. ఆకలిలో, నిద్రలో మార్పు. చిన్న కోడ్ రివ్యూ కూడా పూర్తిచేయలేనంత ఏకాగ్రత లోపం. నేనెందుకూ పనికిరానన్న భావన. ఇవి కలిసి ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈ లక్షణాల్లో నిద్ర ఒక్కటే కనబడుతుంది కాబట్టి చాలామంది నిద్రకు మందు వెతుక్కుంటారు, మిగతావి అలాగే ఉండిపోతాయి.

2015-16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ప్రతి 20 మందిలో ఒకరు డిప్రెషన్ బారిన పడినవాళ్లే, వాళ్లలో అత్యధికులకు చికిత్స అందడం లేదు. శరీర గడియారానికీ దీనికీ సంబంధం ఉందనడానికి పెద్ద ఆధారం బ్రిటన్ నుంచి వచ్చింది. 91,105 మంది చేతికి కదలికల్ని కొలిచే పరికరం కట్టి చూసిన ఆ పరిశోధన 2018లో అచ్చయింది. పగలు చురుకుదనానికీ రాత్రి విశ్రాంతికీ తేడా చెరిగిపోయినవాళ్లలో డిప్రెషన్, బైపోలార్ సమస్యలు ఎక్కువగా కనిపించాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇలాంటి పరిశోధన చెప్పలేదు. డిప్రెషన్ నిద్రను పాడుచేస్తుంది, పాడైన నిద్ర డిప్రెషన్‌ను పెంచుతుంది. అందుకే రెంటికీ కలిపి చికిత్స జరగాలి.

మెలటోనిన్: చేయకూడనివి ముందు

డిప్రెషన్‌కు మందుగా మెలటోనిన్‌ను వాడకండి. మెలటోనిన్ ఒక్కటే డిప్రెషన్‌ను తగ్గిస్తుందనడానికి గట్టి రుజువు లేదు. నిద్ర వేళ బాగా వెనక్కి జరిగిపోయి, తెల్లవారుజామున మూడు నాలుగైతే తప్ప కునుకు పట్టనివాళ్లకు ఆ వేళను ముందుకు తేవడంలో అది పనికొస్తుంది. అది వేరే సమస్య. కొందరిలో రెండూ కలిసి ఉంటాయి, అప్పుడు డాక్టరు రెండిటికీ కలిపి మందులు రాస్తారు.

డాక్టరు రాసిన డిప్రెషన్ మందు ఆపేసి దాని బదులు "సహజమైనది" అని మెలటోనిన్‌కు మారకండి. నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే. డిప్రెషన్ మందులు పనిచేయడం మొదలవడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆలోగా విసుగెత్తి ఒక్కసారిగా ఆపేస్తే తల తిరుగుడు, చికాకు, నిద్రలేమి పట్టుకుంటాయి, జబ్బు తిరగబెడుతుంది.

నిద్ర రాలేదని 3 మిల్లీగ్రాముల నుంచి 5కి, 5 నుంచి 10కి పెంచుకుంటూ పోకండి. గడియారాన్ని జరపడానికి అర మిల్లీగ్రాము కూడా సరిపోతుందని ప్రయోగాల్లో తేలింది. మోతాదు పెరిగితే మర్నాటి మత్తు, తలనొప్పి, పీడకలలు పెరుగుతాయి. వేళ సంగతి ఇంకా ముఖ్యం. రోజూ నిద్రపట్టే సమయానికి కొన్ని గంటల ముందు వేసుకుంటే గడియారం ముందుకు జరుగుతుంది. నిద్రలేచే వేళకు దగ్గరగా వేసుకుంటే వెనక్కి జరుగుతుంది. రాత్రంతా దొర్లి దొర్లి, తెల్లవారుజామున ఐదింటికి "సరే, ఇప్పుడైనా" అని గమ్మీ నోట్లో వేసుకున్నవాళ్ల నిద్ర వేళ మర్నాడు మరింత వెనక్కి పోవచ్చు. ఏ వేళకు వేసుకోవాలో మీ షిఫ్టును బట్టి డాక్టరే చెప్పాలి, షాపులో కుర్రాడు చెప్పలేడు.

డబ్బా మీద రాసిన అంకెను పూర్తిగా నమ్మకండి. కెనడాలో అమ్మే మెలటోనిన్ ఉత్పత్తుల్ని పరీక్షించి 2017లో ప్రకటించిన ఫలితాల్లో, రాసినదానికంటే 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ దాకా తేడాలు కనిపించాయి. 2023లో అమెరికాలో 25 రకాల గమ్మీలను పరీక్షిస్తే 22 రకాల మీద లేబుల్ తప్పు. బంధువులు అమెరికా నుంచి సూట్‌కేసులో తెచ్చి ఇచ్చే పెద్ద సీసాలు ఈ బాపతువే. పిల్లలున్న ఇంట్లో గమ్మీలను చాక్లెట్ల పక్కన పెట్టకండి, తాళం వేసి ఉంచండి.

రక్తం పలచబరిచే వార్‌ఫరిన్, బీపీ మందులు, మూర్ఛ మందులు, అవయవ మార్పిడి తర్వాత వాడే మందులు తీసుకునేవాళ్లు అడగకుండా మెలటోనిన్ వేసుకోకూడదు. ఫ్లూవోక్సమైన్ అనే డిప్రెషన్, ఓసీడీ మందు రక్తంలో మెలటోనిన్‌ను చాలా రెట్లు పెంచేస్తుంది. కొన్ని గర్భనిరోధక మాత్రలు కూడా పెంచుతాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీనికి దూరంగా ఉండాలి. వాళ్లకు సురక్షితమని తేలలేదు. వేసుకున్నాక ఐదు గంటల లోపు బండి నడపకండి. మద్యంతో కలపకండి.

మెలటోనిన్ దారిలోనే పనిచేసే అసలైన డిప్రెషన్ మందు ఒకటుంది, అగోమెలటిన్. మెదడులో మెలటోనిన్ తగులుకునే చోట్లనే తగులుకుంటుంది, దాంతోపాటు ఒక రకం సెరటోనిన్ గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. ఐరోపాలో 2009లో అనుమతి పొందింది, మన దగ్గరా డాక్టర్లు రాస్తున్నారు. రాత్రి పడుకునే ముందు వేసుకునేది. దీనివల్ల అరుదుగా కాలేయం దెబ్బతినవచ్చు కాబట్టి, మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆ తర్వాత 3, 6, 12, 24 వారాలకు కాలేయ పరీక్షలు చేయించాలని ఐరోపా నియమం. మోతాదు పెంచితే పరీక్షలు మళ్లీ మొదటి నుంచి. "బాగానే ఉన్నా కదా" అని ఆ పరీక్షలు ఎగ్గొట్టకండి. కాలేయం జబ్బు ఉన్నవాళ్లు దీన్ని వాడకూడదు, ఫ్లూవోక్సమైన్, సిప్రోఫ్లోక్సాసిన్‌లతో కలిపి అసలే వాడకూడదు. జ్వరానికి సొంతంగా సిప్రోఫ్లోక్సాసిన్ కొనుక్కునే అలవాటు మన ఊళ్లో ఎంతుందో తెలిసిందే. శుక్రవారం రాత్రి మందు పార్టీలు అలవాటున్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు దాచకండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా మందు ఆపి వెంటనే డాక్టరును కలవండి.

ఆల్ప్రాజోలామ్, జోల్పిడెమ్ వంటి నిద్ర మాత్రలు ఇంకో కథ. అవి చీటీ లేకుండా అమ్మకూడని మందులు. రూమ్మేట్ స్ట్రిప్పులోంచి ఒకటి తీసుకుని వేసుకోవడం, దానిమీద రెండు పెగ్గులు తాగడం ఊపిరి ఆగిపోయే ప్రమాదం దాకా తీసుకెళ్తుంది.

వెలుగు: చేయవలసినవి

పగటి షిఫ్టులో ఉండి డిప్రెషన్‌తో బాధపడుతున్నవాళ్లు లేచిన గంటలోపు ఆరుబయట అరగంట గడపండి. దుర్గం చెరువు నడకదారి, కొత్తగూడ బొటానికల్ గార్డెన్, ఏదీ కుదరకపోతే పీజీ హాస్టల్ డాబా. ఆఫీసులో బల్ల మీద పడే వెలుగు 300 నుంచి 500 లక్స్. మబ్బు పట్టిన ఉదయం కూడా ఆరుబయట దానికి ఎన్నో రెట్లుంటుంది, తేటగా ఉంటే నీడలోనే 10,000 దాటుతుంది. రంగు అద్దాల భవనంలో కిటికీ పక్కన సీటు దొరికినా ఆ వెలుగు లోపలికి రాదు. సూర్యుడి వంక నేరుగా చూడాల్సిన పని లేదు, చూడకూడదు కూడా.

ఇది చిట్కా వైద్యం అనుకోకండి. 1984లో నార్మన్ రోసెంతాల్ బృందం చలిదేశాల్లో శీతకాలపు డిప్రెషన్‌ను గుర్తించి వెలుగుతో చికిత్స చేసింది. అది చలిదేశాల గొడవ, మనకెందుకు అన్నవాళ్లకు 2016లో కెనడా నుంచి జవాబు వచ్చింది. రుతువులతో సంబంధం లేని మామూలు డిప్రెషన్ ఉన్న 122 మందికి ఎనిమిది వారాలు చికిత్స చేసిన రేమండ్ లామ్ బృందం, ఉదయం 10,000 లక్స్ దీపం ముందు అరగంట కూర్చోవడం ఉత్తుత్తి చికిత్స కంటే బాగా పనిచేసిందనీ, దానికి ఫ్లుయోక్సెటీన్ తోడైనప్పుడు ఫలితం స్థిరంగా కనిపించిందనీ చూపించింది. ఎండ ఇంత పుష్కలంగా ఉన్న ఊళ్లో రోజంతా చీకటి పట్టిన లిఫ్టులు, బేస్‌మెంట్లు, ఏసీ గదుల మధ్య తిరిగి మనం ఆ వెలుగును పోగొట్టుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అయితే కొందరు జాగ్రత్తపడాలి. ఎప్పుడైనా వరసగా కొన్ని రోజులు మూడు నాలుగు గంటలే పడుకుని కూడా అలసట లేకుండా, గలగలా మాట్లాడుతూ, అడ్డూఅదుపూ లేకుండా ఖర్చుపెడుతూ, పది ప్రాజెక్టులు ఒకేసారి మొదలుపెట్టిన దశ మీ జీవితంలో ఉందా? ఇంట్లో ఎవరికైనా బైపోలార్ ఉందా? ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అలాంటివాళ్లలో ఉదయపు దీప చికిత్స గానీ, తోడు మందు లేకుండా డిప్రెషన్ మందు గానీ ఉన్మాద దశను రేపవచ్చు. కంటిపొర జబ్బులున్నవాళ్లు, ఎండ పడితే చర్మం కందిపోయే మందులు వాడేవాళ్లు దీపం కొనేముందు అడగాలి.

ఒక రాత్రంతా మేల్కొని ఉంటే మర్నాడు డిప్రెషన్ తేలికపడుతుందని నెట్‌లో చదివి ప్రయత్నించేవాళ్లున్నారు. అందులో నిజం ఉంది. 1971లోనే జర్మనీలో ఫ్లూగ్, ట్యోలె దాన్ని నమోదు చేశారు. కానీ తిరిగి నిద్రపోగానే చాలామందిలో దిగులు వెనక్కి వస్తుంది, బైపోలార్ ఉన్నవాళ్లకు ఉన్మాదం రావచ్చు. అది ఆసుపత్రిలో, డాక్టర్ల కంటి ముందు జరగవలసిన చికిత్స. ఇంట్లో చేయకండి.

రాత్రి డ్యూటీ తప్పనివాళ్లకు

అన్ని రోజులూ ఒకే వేళ పడుకోవడం కుదరనప్పుడు కనీసం నాలుగు గంటల నిద్ర మాత్రం డ్యూటీ రోజైనా వీకాఫ్ అయినా ఒకే వేళలో ఉండేలా చూసుకోండి. ఆ నాలుగు గంటలు కదలకుండా ఉంటే శరీర గడియారం వాటికి కట్టుబడి నిలుస్తుందని 1980ల తొలినాళ్లలో బ్రిటన్‌లో మైనర్స్, వాటర్‌హౌస్ చేసిన ప్రయోగాలు చూపించాయి. ఉదాహరణకు న్యూయార్క్ షిఫ్టు వాళ్లు డ్యూటీ రోజుల్లో ఐదింటికి పడుకుని పన్నెండున్నరకు లేస్తే, వీకాఫ్ రోజుల్లో మూడింటికి పడుకుని పదిన్నరకు లేవచ్చు. ఉదయం ఐదు నుంచి పదిన్నర దాకా రెండింటికీ ఉమ్మడి. శనివారం ఉదయం ఆరుకు లేచి యాదగిరిగుట్ట వెళ్లి, సోమవారం మళ్లీ రాత్రి డ్యూటీ ఎక్కితే వారానికోసారి విమానం ఎక్కి ఖండాలు దాటి వచ్చినట్టే శరీరం తల్లడిల్లుతుంది.

హైదరాబాద్‌లో సూర్యోదయం జూన్ మొదట్లో 5.40 ప్రాంతంలో, జనవరి నడుమ 6.50 ప్రాంతంలో. అంటే మూడున్నర, నాలుగున్నరకు లాగౌట్ అయ్యేవాళ్లకు పొద్దుపొడవక ముందే మంచం ఎక్కే వీలుంది. ఆ వీలును పోగొట్టుకోకండి. లాగౌట్ అయ్యాక టీ కొట్టు దగ్గర కబుర్లు, తర్వాత వేడి ఇడ్లీ, తర్వాత ఫోన్‌లో రీల్స్ అంటూ ఏడు దాకా సాగదీస్తే ఉదయపు వెలుగు కంట్లో పడి నిద్ర చెదిరిపోతుంది. కాలిఫోర్నియా షిఫ్టు వాళ్లకు ఆ వెలుగు తప్పదు. క్యాబ్‌లో వెనక సీట్లో కూర్చున్నప్పుడు నల్ల కళ్లజోడు పెట్టుకోండి. మీరే బండి నడుపుతుంటే మాత్రం వద్దు, అసలే నిద్రమత్తు. గదిలో మందపాటి కర్టెన్లు వేయించుకోండి, కళ్లకు గంతలు కట్టుకోండి. డ్యూటీ మొదటి సగంలో వెలుగు బాగా ఉన్న చోట కూర్చోండి, చివరి రెండు గంటల్లో తగ్గించండి.

కాఫీ, టీ, ఎనర్జీ డ్రింకుల్లోని కెఫిన్ ఐదారు గంటలైనా సగమే ఖర్చవుతుంది. ఐదింటికి పడుకునేవాళ్లు రాత్రి పది పదకొండు తర్వాత తాగకపోవడం మంచిది. అర్ధరాత్రి డీఎల్ఎఫ్ ఎదుట బిర్యానీ, ఫ్రైడ్ రైస్ కాస్త తగ్గించండి. ఆ వేళ జీర్ణ వ్యవస్థకు అది రాత్రే, అంత భోజనం పట్టదు. నిద్రకోసం మద్యం అసలే వద్దు. తొందరగా మగత కమ్మినా, రెండో సగం నిద్ర ముక్కలవుతుంది, దిగులు పెరుగుతుంది.

ఇంటిదారి

17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతులూ కళ్లూ రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడిలా పనిచేస్తాయని 1997లో ఆస్ట్రేలియాలో కొలిచారు. మన చట్టం అనుమతించే హద్దు 0.03 శాతమే. పగలు పదింటికి లేచి, తెల్లవారుజామున నాలుగున్నరకు కారు తీసినవాళ్లు పద్దెనిమిది గంటలు దాటినట్టే. సైబరాబాద్ పోలీసుల బ్రీత్ ఎనలైజర్ దీన్ని పట్టుకోలేదు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేముందు ఒక్క క్షణం ఆలోచించండి. ఆ వేళ మెట్రో ఉండదు కాబట్టి ఆఫీసు క్యాబే ఎంచుకోండి. లేకపోతే ఇరవై నిమిషాలు ఆఫీసులోనే కునుకు తీసి బయలుదేరండి. కిటికీ దించడం, పాటలు పెట్టడం నిద్రను ఆపవు. క్యాబ్ డ్రైవరు కూడా రాత్రంతా మేల్కొన్న మనిషేనని గుర్తుంచుకోండి. ఆయన తల వాలుతుంటే "అన్నా, పక్కకు ఆపు, కాసేపు ఆగి పోదాం" అనండి. మొహమాటపడకండి.

టీమ్ లీడ్‌లకు, హెచ్ఆర్ వాళ్లకు

రోస్టర్ తిప్పక తప్పకపోతే పగలు, సాయంత్రం, రాత్రి అనే వరసలో తిప్పండి. వెనక్కి తిప్పితే శరీరానికి ఇంకా కష్టం. డిప్రెషన్‌తో చికిత్స పొందుతున్నవాళ్లకు డాక్టరు చీటీ ఇస్తే కొన్ని నెలలు పగటి షిఫ్టు ఇవ్వండి. రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాళ్లను మధ్యాహ్నం పన్నెండుకు "ఒక్క పది నిమిషాల కాల్" అని లేపకండి. చికిత్స సంగతి తెలిస్తే టీమ్ గ్రూపులో పెట్టకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ వివరాలు గోప్యంగా ఉండే హక్కును రోగికి ఇచ్చింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూడాలనీ, శిక్షించకూడదనీ చెప్పింది. శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఆరోగ్య బీమా ఇవ్వాలనీ అందులోనే ఉంది. కంపెనీ ఇచ్చిన పాలసీ కాగితం తీసి చూడండి.

ఇంట్లోవాళ్లు

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు పొలం పనో, ఇంటి పనో ముగించి పగలు పదకొండింటికి ఫోన్ చేస్తారు. ఇక్కడ అది బిడ్డకు అర్ధరాత్రి. పడుకునే వేళలు కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకు చెప్పండి, వాళ్లు అర్థం చేసుకుంటారు. అత్తవారింట్లో ఉండే కోడళ్లకు ఇది మరీ కష్టం. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, పిల్లల టిఫిన్ బాక్సులు కట్టి, పడుకునేసరికి తొమ్మిదవుతుంది, పన్నెండుకు వంటకు లేవాలి. ఈ నిద్రతో ఏ మందూ సరిగ్గా పనిచేయదు. ఇంట్లో మగవాళ్లు ఉదయం పనులు పంచుకోవడం ఇక్కడ చికిత్సలో భాగమే. "అందరూ చేయట్లేదా ఉద్యోగాలు" అనకండి. "గుడికి వెళ్లు, పెళ్లి చేసుకో, అదే పోతుంది" అనకండి. డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు

రెండు వారాల పాటు ఒక కాగితం మీద ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు, షిఫ్టు ఎప్పుడు, కాఫీ ఎప్పుడు, మద్యం తాగిన రోజులు ఏవి, మనసు ఏ వేళ ఎక్కువ బరువుగా ఉంది అని రాసుకోండి. పొద్దున్నే కుంగిపోయి సాయంత్రానికి తేలికపడుతున్నారా, దానికి తలకిందులుగా ఉందా అన్నది డాక్టరుకు బాగా పనికొస్తుంది. అయితే పరిస్థితి విషమిస్తుంటే ఆ రెండు వారాలు ఆగకండి, వెంటనే వెళ్లండి. థైరాయిడ్ పరీక్ష చేయించమంటే చేయించండి. దాని లోపం అచ్చం డిప్రెషన్‌లాగే కనిపిస్తుంది. మందులతోపాటు నిద్రలేమికి చేసే మాటల చికిత్స కూడా ఉంటుంది, దొరుకుతుందేమో అడగండి. మీ షిఫ్టు వేళలు చెప్పి ప్రతి మాత్రకూ "ఇది ఎన్నింటికి వేసుకోవాలి" అని అడిగి రాయించుకోండి, ఎందుకంటే చీటీ మీద "రాత్రి" అని రాస్తే మీకు రాత్రి అంటే ఏ వేళో ఆయనకు తెలియదు. వాడుతున్న ఆయుర్వేద లేహ్యం, జిమ్ పౌడరు, గర్భనిరోధక మాత్ర, గమ్మీ సీసా ఏదీ వదలకుండా ఒక సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్లండి.